కాటా మీద సున్నా

నమోదు 1

నా తర్వాత కాలేజీకి వెళ్లే పెద్దవాళ్లకు పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాసిపెట్టమని కాలనీ మీటింగులో తీర్మానించారు. తీర్మానించినవాళ్లలో ఒక్కరికీ రాసే ఓపిక లేదు కాబట్టి ఆ పని కూడా నా నెత్తినే పడింది. నా పేరు పొట్నూరు మోక్షిత. డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. చేపలమెట్ట కాలనీ ఆరో అంతస్తులో ముప్ఫై ఏళ్లు టిఫిన్ సెంటర్ నడిపాను. ఈరోజు ఇంజినీరింగ్ కాలేజీలో చేరాను.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. పొద్దున్న అద్దం ముందు జడ వేసుకుంటూ నేనూ నవ్వుకున్నాను.

కాలేజీలో చేరాలంటే ముందు గేటు దగ్గర కాటా ఎక్కాలి. పేరుకే కాటా, అది బరువు చూడదు. అరచేతులు ఆనించమంటుంది, ఊపిరి వదలమంటుంది, కాసేపు ప్రశ్నలు అడుగుతుంది. ఈ మనిషి ఇంకా ఎన్నేళ్లు బతుకుతుంది, ఈ చదువుతో ఎంత సంపాదిస్తుంది అని లెక్కగట్టి విలువ చూపిస్తుంది. ఆ విలువలో సగం ఫీజు. 'ఎక్కువ లాభపడేవారు ఎక్కువ చెల్లించడమే న్యాయం' అని గేటు మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. నా చిన్నప్పుడు ఫీజు అందరికీ ఒకటే. అది కట్టలేకే మా నాన్న నన్ను ఇంటర్‌తో ఆపేశాడు. ఇప్పుడు ఫీజు ఎవరిది వాళ్లకే, అయినా కట్టగలిగినవాళ్లు కనిపించరు. కాటా ఏటేటా మనుషుల విలువ పెంచుకుంటూ పోతుంది, మనుషులు ఏటేటా గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతుంటారు.

నా ముందు ఒక కుర్రాడు కాటా ఎక్కాడు. చురుకైనవాడు, కళ్లు చూస్తేనే తెలుస్తోంది. అంకె పడగానే వాళ్లమ్మ మెట్టు మీద కూలబడింది. కొడుకు విలువ అంత పలికినందుకు మురిసిపోవాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఇద్దరూ వెనక్కి వెళ్లిపోయారు.

తర్వాత నేను ఎక్కాను. అంకె ఎంత చిన్నదంటే, ఫీజు కౌంటర్లో అమ్మాయి తెర పాడైందేమోనని రెండుసార్లు తట్టింది. పని చేసే ఏళ్లు రెండో మూడో మిగిలాయని, అవి కూడా నమ్మకం లేదని కాటా తేల్చింది. వినాయక చవితికి మా అంతస్తు వేసుకునే చందాలో సగం కూడా కాదు నా ఫీజు. ఒళ్లు మండింది, హాయిగానూ అనిపించింది.

నన్నే ఎందుకు పంపారో కూడా చెప్పాలి. మా కాలనీలో కింది మూడంతస్తులు సముద్రానివి. నాలుగో అంతస్తు వరండాలో పడవలు ఆగుతాయి. ఐదో అంతస్తులో నీటిమిల్లు ఉంది. ఉప్పునీళ్లు పట్టి మంచినీళ్లు చేసి ఇరవై అంతస్తులకు పంపేది అదే. దాన్ని ఇన్నాళ్లూ మా నూకాలు నడుపుతోంది. ఇరవై ఏడేళ్ల పిల్ల, ఆ మిల్లు పక్కనే పెరిగింది. కానీ పట్టా లేదు. రెండేళ్ల తర్వాత వచ్చే ఉగాది నాటికి పట్టా ఉన్న మనిషి లేని మిల్లులన్నిటికీ సీలు వేస్తామని నగరం వాళ్లు నోటీసిచ్చారు. సీలు పడితే నీళ్లమ్మే కంపెనీ పడవ కోసం బిందెలతో నిలబడాలి. కంపెనీ ధరకి నీళ్లు కొనుక్కోలేక ఖాళీ అయిపోయిన కాలనీలు మా కిటికీల్లోంచి కనిపిస్తూనే ఉన్నాయి.

నూకాలు పోయినేడు కాటా ఎక్కింది. మా కాలనీ మొత్తంలో అంత అంకె ఎవరికీ పడలేదు. నువ్వు చాలా విలువైనదానివి కాబట్టి నీకు చదువు లేదు అని యంత్రం మొహం మీదే చెప్పినట్టయింది. ఆ పిల్ల తర్వాత ఆ మాటే ఎత్తలేదు. మేమే ఆలోచించి, కాలనీలో ఎవరి విలువ తక్కువో వాళ్లని పంపుదామన్నాం. అందరిలోకీ తక్కువ నేనే అయ్యాను.

నమోదు 2

మా కాలనీలో ఒక పద్ధతి ఉంది. అందరి చందాతో ఎవరు ఎక్కడికి వెళ్లి ఏం నేర్చుకొచ్చినా సాయంత్రం మేడ మీద అప్పజెప్పాలి. డబ్బు అందరిదీ కాబట్టి పాఠమూ అందరిదే. కొత్త పొయ్యి వాడకం నేర్చుకొచ్చినా, పడవ ఇంజను బాగు చేయడం నేర్చుకొచ్చినా అంతే. బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు నిలబడి చెప్పాలి. కూర్చున్నవాళ్లు ఏదైనా అడగొచ్చు.

మొదటి సాయంత్రం నేను లేచి నిలబడ్డాను. బట్టలు ఆరేసిన తాళ్ల మధ్య చాపలు పరిచారు. ముందు వరసలో చార్విక్ కూర్చున్నాడు. నాకంటే ఒక ఏడాది పెద్దవాడు, జీవితమంతా లిఫ్టులు బాగుచేశాడు. ఎవరేం చెప్పినా గడ్డం పైకెత్తి "ఎందుకు?" అంటాడు. ఆ గడ్డానికి భయపడి పెళ్లిసంబంధాలు మాట్లాడేవాళ్లు కూడా అతన్ని పక్కన పెట్టేవారు.

"మధ్యలో ఒక పొర ఉంటాది. ఉప్పునీరు గట్టిగా తోస్తే నీరు పొరలోంచి వచ్చీస్తాది, ఉప్పు అవతలే ఉండిపోద్ది" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు చార్విక్.

"ఎందుకేటి? పొర ఆపీస్తాది."

"జల్లెడలాగేటి? ఉప్పు కరిగిపోనాక జల్లెడకి ఏటి దొరుకుతాది?"

నాకు తెలియదు. పాఠంలో అంతవరకే ఉంది. మేడ మీద అందరూ నా వైపే చూస్తున్నారు. ముప్ఫై ఏళ్లు నా ఇడ్లీకి వంక పెట్టే సాహసం చేయనివాళ్లు ఇప్పుడు నా చదువుకి వంక పెడుతున్నారు.

"రేపు అడిగొస్తాను" అన్నాను.

మర్నాడు క్లాసులో అడిగితే లెక్చరర్ కీర్తన మేడమ్ "అది సిలబస్‌లో లేదండీ" అంది. మర్యాదగానే అంది. సాయంత్రం మేడ మీద ఆ మాట చెబితే చార్విక్ గడ్డం ఇంకా పైకి లేచింది. ఇక గతిలేక కాలేజీ లైబ్రరీలో కూర్చున్నాను. ఆ ప్రశ్నకి జవాబు దొరికేసరికి చాలా రోజులు పట్టింది. దొరికిన సాయంత్రం చెబితే చార్విక్ అంతా విని, గడ్డం దించి, "ఇప్పుడు అర్థమయింది" అన్నాడు. నా పెళ్లినాడు కూడా అంత సంతోషపడలేదని ఇక్కడ రాస్తున్నాను. మా ఆయన బతికుంటే ఏమీ అనుకోడు.

నమోదు 3

నా తర్వాత వెళ్లేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. ప్రతి టర్ము మొదట్లో మళ్లీ కాటా ఎక్కిస్తారు. పోయిన టర్ములో మార్కులు బాగా వస్తే విలువ పెరుగుతుంది, విలువ పెరిగితే ఫీజు పెరుగుతుంది. అందుకని కాలనీ నాకొక నియమం పెట్టింది. ముప్ఫై అయిదు వస్తే పాసు. నేను ముప్ఫై ఆరు తెచ్చుకోవాలి. ఆ ఒక్క మార్కూ దిద్దేవాళ్ల చెయ్యి జారితే పనికొస్తుందని.

ముప్ఫై ఆరు తెచ్చుకోవడం ఎంత కష్టమో వందకి వంద తెచ్చుకునేవాళ్లకు తెలియదు. ఏ ప్రశ్నకి జవాబు సరిగ్గా వచ్చో నిక్కచ్చిగా తెలియాలి, తెలిసిన జవాబుని రాయకుండా చేతులు కట్టుకుని కూర్చోవాలి. మొదటి పరీక్షలో నాలుగు ప్రశ్నలు అలా వదిలేశాను. ఇల్లు వదిలి వచ్చినట్టు మాటిమాటికీ వాటివైపే చూపు పోయేది.

మొదటి టర్ములో ముప్ఫై ఆరు. మేడ మీద చప్పట్లు. రెండో టర్ములో ముప్ఫై ఏడు. సున్నితంగా మందలించారు.

ఈమధ్య నా రోజు ఇలా గడుస్తోంది. పొద్దున్నే పిండి రుబ్బి, నా పొయ్యి మీదే పదిమందికి ఇడ్లీ వేసి, మిల్లు దగ్గర నూకాలుకి రెండు పెట్టి, నాలుగో అంతస్తులో పడవ ఎక్కుతాను. క్లాసులో తొమ్మిదిమందిమి. మిగతా అందరూ తండ్రులు కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్న పిల్లలు. మొదట్లో నన్ను చూసి ఎవరో పిల్లవాడికి క్యారేజీ తెచ్చాననుకున్నారు. ఇప్పుడు నా పక్కన కూర్చుని లెక్కలు చెప్పించుకుంటున్నారు. ఇడ్లీలు కూడా తింటున్నారు, అది వేరే సంగతి.

మొన్న సాయంత్రం పాఠం అయ్యాక నూకాలు చాప చుడుతూ నా దగ్గర ఆగింది. చేతులకి మిల్లు గ్రీజు అలాగే ఉంది.

"మామ్మా, నువ్వు సెప్తంటే నాకు అంతా అర్థమైపోతంది. రోజూ నా సేత్తో తిప్పే వాల్వే. అదెందుకు తిప్పుతున్నానో ఇన్నాళ్లూ తెలీలేదు" అంది.

"నువ్వే చదవాల్సిన చదువు ఇది, తల్లీ" అన్నాను.

"నా ఖరీదు ఎక్కువ కదా" అని నవ్వేసి వెళ్లిపోయింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నమోదు 4

ఈరోజు నేను ఒక పని చేశాను. మేడ మీద ఇంకా చెప్పలేదు.

మూడో టర్ము పరీక్షకి ముందు కీర్తన మేడమ్ క్లాసులో పిల్లల్ని కేకలేసింది. సరిగ్గా చదవడం లేదని. అలా అంటూ అంటూ నా వైపు చెయ్యి చూపించింది.

"ఈ వయసువాళ్లు కాలక్షేపానికి వస్తారు. వాళ్లకి ముప్ఫై ఆరు వస్తే చాలు. మీకూ అంతే చాలా?" అంది.

ఆమెకు చెడ్డ ఉద్దేశం లేదు. పైగా ముప్ఫై ఆరు తెచ్చుకుంటున్నది నేనే. అదంతా నాకు తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన కోపం ఆగదు కదా. పొద్దున్నే లేచి పిండి రుబ్బి, అలల మీద పడవలో ఊగుతూ వచ్చి, సాయంత్రం చార్విక్ గడ్డానికి జవాబు చెప్పుకుని, అది కాలక్షేపమట. ప్రశ్నపత్రం చేతికి రాగానే నా ముక్కు మీది కోపం వేళ్లలోకి దిగింది. మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా ఒక్కటీ వదల్లేదు. ఎందుకో అడగని చోట కూడా ఎందుకో రాశాను. అదనపు కాగితాలు అడిగి మరీ రాశాను.

బయటికొచ్చి పడవ ఎక్కాక గాని చేసిన పని అర్థం కాలేదు. కానీ నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, పడవ దిగేదాకా లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

నమోదు 5

తొంభై నాలుగు.

నాలుగో టర్ముకి కాటా ఎక్కాను. అది నా అరచేతుల్ని ఎప్పుడూ లేనంత సేపు పట్టుకుంది. తర్వాత అంకె పడింది. నా వెనక నిలబడ్డ పిల్లలు ఈల వేశారు. బాగా చదివేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారని దాని లెక్కలో ఉందట, నా ఆయుష్షు కూడా పెంచేసింది. పని చేసే ఏళ్లు పదిహేను చూపించింది. మొదటిరోజు నా ముందు కాటా ఎక్కి వెనక్కి వెళ్లిపోయిన కుర్రాడికి ఎంత పడిందో నాకూ అంతే పడింది.

ఏ ఆడదాన్నైనా డెబ్బై మూడో ఏట నిలబెట్టి, నీకు పద్దెనిమిదేళ్లవాడికున్న విలువ ఉందంటే ఎలా ఉంటుంది? కళ్లలో నీళ్లు తిరిగాయి. అరక్షణం నేను మిల్లునీ కాలనీనీ ఫీజునీ అన్నీ మర్చిపోయాను. తర్వాత అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

సాయంత్రం మేడ మీద విషయం చెప్పాను. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఉగాది ఎంతో దూరంలో లేదు, ఇంకొక్క టర్ము మిగిలింది, కాలనీలో ఉన్న గిన్నే చెంబూ అమ్మినా ఆ ఫీజు రాదు. నోరు కట్టుకుని కూర్చోలేకపోయావా అని ఒకరు, చేతులు కట్టుకుని అనాలి అని ఇంకొకరు. తిట్టాల్సినదంతా తిట్టారు. నేను తల వంచుకుని పడ్డాను. నావల్లే మిల్లు పోతుందేమోనని భయం.

అప్పుడు చార్విక్ గొంతు సవరించుకున్నాడు.

"తిట్టడం అయిపోనాదా? అయితే ఇప్పుడు చెప్పండి. తొంభై నాలుగు తెచ్చుకున్నోళ్లు మన కాలనీలో ఇంతకుముందు ఎవరైనా ఉన్నారేటి?"

ఎవరూ లేరు. ఎవరో లేచి వెళ్లి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టారు. తిట్టినవాళ్లే ఆ మార్కుల కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు.

నమోదు 6

నీటి కంపెనీ మనిషి పడవలో వచ్చాడు. నా మార్కులు ఎక్కడ చూశాడో మరి. చివరి టర్ము ఫీజు మొత్తం కంపెనీ కడుతుందట. బదులుగా మిల్లుని ముప్ఫై ఏళ్లు కంపెనీకి రాసివ్వాలట. నేను కంపెనీ మనిషిగా మిల్లు చూసుకోవచ్చట.

"మిల్లు పోకుండా చదువుకుందామనుకుంటే, చదువుకోసం మిల్లు ఇచ్చీమంటున్నాడు" అన్నాడు చార్విక్, ఆ మనిషి పడవ దాటకముందే, వినబడేలా.

అయినా మీటింగులో సగంమంది ఒప్పుకుందామన్నారు. వాళ్లని తప్పుపట్టను. సీలు పడితే అప్పుడైనా కంపెనీ నీళ్లేగా తాగాలి. మీటింగు అయ్యాక మిల్లులోకి వెళ్లి చూస్తే, నూకాలు గొట్టాలన్నిటినీ గుడ్డతో తుడుస్తోంది. తుడవాల్సినంత మురికి వాటి మీద లేదు.

"ఇచ్చీమను మామ్మా. నీ చదువు ఆగిపోకూడదు" అంది నా వైపు తిరగకుండా.

ఈ పిల్లని కాటా ఎక్కించి వెనక్కి పంపినప్పుడు నేను చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్న మిల్లు కూడా తీసి ఇంకొకరికి ఇవ్వనా? కంపెనీ కాగితం మీద సంతకం పెట్టనని మీటింగుకి చెప్పేశాను. మరి ఏం చేస్తావని అడిగారు. తెలియదని చెప్పాను. కాలేజీకి వెళ్లి గడువైనా అడుగుతానన్నాను.

నమోదు 7

ఇది నిదానంగా రాస్తాను.

ఫీజు కౌంటర్లో అదే అమ్మాయి ఉంది. గడువు ఇవ్వరని చెప్పింది.

"కట్టకపోతే ఏటవుతాది?" అన్నాను.

"పేరు తీసేస్తామండీ. మధ్యలో పేరు పోయినవాళ్లకి కాటా మీద విలువ ఉండదు. సున్నా పడుతుంది."

"మొన్న పదిహేనేళ్లు పని చేస్తానంది. రేపు ఏటీ చెయ్యనంటాదా?"

"కాలేజీ లేకపోతే చదువుకి విలువ లేదని అలా పెట్టారు మామ్మగారూ. భయానికి ఎవరూ మధ్యలో మానరు కదా. ఆ సున్నా మీకు మాత్రం ఎందుకు, ఎలాగోలా కట్టేయండి."

పాపం, నా మంచికే చెప్పింది. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. ఏడుపొస్తోంది. అలా కూర్చున్నప్పుడు మా వదిన గుర్తొచ్చింది. నా చిన్నతనంలో మా వదిన పెళ్లయ్యాక కాలేజీ మానేసి, వంటచేసుకుంటూ ఇంట్లోనే చదివి, డిగ్రీ ప్రైవేటుగా కట్టింది. పరీక్షకి నేనే తోడు వెళ్లాను. అప్పుడు అదొక మామూలు సంగతి.

లేచి మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, పరీక్ష ప్రైవేటుగా కట్టే పద్ధతి ఇంకా ఉందా?"

"ఉందండీ. ఒకసారి కాలేజీ నంబరు పడినవాళ్లు ఎవరైనా కట్టొచ్చు. ఎవరూ కట్టరు. దానికీ కాటా విలువలో సగమే ఫీజు. అంత పెట్టేటప్పుడు క్లాసులోనే కూర్చుంటారు కదా."

"విలువలో సగం."

"అవునండీ."

"సున్నాలో సగం ఎంతమ్మా?"

ఆ అమ్మాయి తెర వైపు చూసింది, నా వైపు చూసింది, చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసింది. మెల్లగా నవ్వు మొదలయింది ఆమె మొహంలో.

"నా పేరు తీసీ" అన్నాను.

పేరు తీసేసింది. కాటా ఎక్కాను. కిందటి వారం నన్ను ఆకాశానికెత్తిన యంత్రమే ఇప్పుడు అరచేతులు పట్టుకున్నట్టే పట్టుకుని వెంటనే వదిలేసింది. సున్నా. ఇంత అందమైన అంకె నేను పుట్టాక చూడలేదు. దిగి అదే కౌంటర్లో ప్రైవేటుగా చివరి టర్ము పరీక్ష కట్టాను. రసీదు మీద ఫీజు దగ్గర సున్నా వేసి ముద్ర కొట్టింది ఆ అమ్మాయి. కాకపోతే ప్రైవేటువాళ్లని కాలేజీ ప్రయోగశాలలోకి రానివ్వరట. నడుస్తున్న మిల్లు ఏదైనా సొంతంగా చూపించుకుంటే, పరీక్ష పెట్టేవాళ్లే అక్కడికి వస్తారట.

నడుస్తున్న మిల్లు మాకు ఒకటుంది కదా అన్నాను.

నమోదు 8

రాతపరీక్ష అయిపోయింది. దాని గురించి రాయడానికేమీ లేదు. ఒక్క ప్రశ్న కూడా వదలక్కర్లేకుండా పరీక్ష రాయడం ఇంత సుఖంగా ఉంటుందని తెలియదు, అంతే.

ఈరోజు మిల్లులో ప్రయోగ పరీక్ష. పడవలోంచి దిగిందెవరో చూస్తే కీర్తన మేడమ్. నన్ను చూసి నమస్కారం పెట్టింది. మొహంలో ఏ భావమూ లేదు.

కాలనీ మొత్తం మెట్ల మీద కూర్చుంది. ఎవరైనా ఒక్క మాట అందించినా పరీక్ష రద్దు చేస్తానని మేడమ్ ముందే చెప్పింది. నూకాలు రెండు చేతులూ కిందపెట్టి వాటి మీదే కూర్చుంది, అవి ఎక్కడ పనిలోకి దూకుతాయోనని.

మేడమ్ నన్ను బయటికి పంపి, మిల్లులో ఏదో చేసి మళ్లీ పిలిచింది.

"బయటికి వచ్చే మంచినీళ్లలో ఉప్పు పెరిగింది. ఎక్కడ, ఎందుకు? సరిచేయండి" అంది.

ఎనిమిది గొట్టాలు, వాటి లోపల పొరలు, లెక్కలేనన్ని వాల్వులు. రోజూ ఇడ్లీ తెచ్చి పెట్టే చోటే. కానీ బుర్రలో ఒక్క అక్షరం లేదు. చదివిందంతా ఎవరో గుడ్డపెట్టి తుడిచేసినట్టుంది. అలా నిలబడే ఉన్నాను. మెట్ల మీద ఎవరో మూలిగారు. ఇంత చేసి ఇక్కడ పోతున్నానా అనుకున్నాను.

అప్పుడు నాకు తెలియకుండానే వెనక్కి తిరిగాను. మిల్లుకి వీపు పెట్టి, మెట్ల వైపు మొహం పెట్టి, రోజూ సాయంత్రం నిలబడ్డట్టే నిలబడ్డాను. ముందు వరసలో చార్విక్ ఉన్నాడు. మాట్లాడకూడదు కదా, మాట్లాడలేదు. గడ్డం మాత్రం పైకెత్తాడు.

"అన్ని గొట్టాల్లోంచి వచ్చిన నీరు ఒకచోట కలుస్తాది" అన్నాను అతనితో. "కలిసిన చోట ఉప్పుందంటే ఏ గొట్టానిదో తెలీదు. అందుకని కలవకముందే, ఒక్కో గొట్టం దగ్గరా విడిగా నీరు పట్టి చూడాలి."

గడ్డం ఇంకా పైకే ఉంది.

"ఎందుకంటే, పొరలు పాతబడిపోతే అన్నిట్లోనూ కొంచెంకొంచెం పెరగాలి. ఒక్కదాంట్లోనే పెరిగితే అది పొర తప్పు కాదు, ఎక్కడో సందు పడి ఉప్పునీరు దొంగదారిన వచ్చీస్తంది."

ఇక ఆగలేదు. చెబుతూనే చేశాను. ఐదో గొట్టం దగ్గర మీటరు ముల్లు ఎగిరింది. నీళ్లు కట్టేసి, ఒత్తిడి దించి, మూత విప్పాను. లోపల రబ్బరు రింగు తెగి ఉంది. కొత్తది వేసి, మూత బిగించి, మిల్లు మళ్లీ నడిపించాను. అంతసేపూ నా మాటలన్నీ మెట్ల వైపే.

"ఎవరికి చెబుతున్నారు మీరు?" అంది మేడమ్. "పరీక్ష పెడుతున్నది నేను కదా."

"వీళ్లకి చెబితే గాని నాకు రాదమ్మా. నేను నేర్చుకున్నది ఇలాగే."

ఆమె కాసేపు మెట్ల వైపు చూసింది. మెట్ల నిండా ముసలివాళ్లు, పిల్లలు, చంకలో బిడ్డలతో తల్లులు. చివరికి ఒక ప్రశ్న అడిగింది.

"నీరు పొరలోంచి వస్తుంది, ఉప్పు ఎందుకు రాదు?"

మెట్ల మీద అందరూ ఒక్కసారి నవ్వేశారు. మాట అందించలేదు, నవ్వారు, అంతే. చార్విక్ గడ్డం దించి మొహం చేతుల్లో దాచుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది.

"నీళ్లలో ఉప్పు ఒంటరిగా ఉండదమ్మా. చుట్టూ నీటిని పట్టుకుని ఉంటాది. ఆ గుంపుతో పొరలోకి దూరలేదు, పట్టుకున్న నీటిని వదిలి రానూ లేదు. ఇదీ మా మొదటి రోజు ప్రశ్న. సిలబస్‌లో లేదన్నారు."

మేడమ్ ముఖం ఎర్రబడింది. మిల్లు నుంచి ఒక గ్లాసు నీళ్లు పట్టుకుని తాగింది. పడవ ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి, "ఆరోజు కాలక్షేపం అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అంది. అది విన్నాక నాకు మేడమ్ మీద ఉన్న కోపమంతా పోయింది. క్యారేజీలో మిగిలిన ఇడ్లీలు ఇచ్చి పంపాను.

నమోదు 9

పట్టా వచ్చింది. నూకాలు దాన్ని మిల్లు గోడకి, నీళ్లు చిందని చోట మేకు కొట్టి తగిలించింది. ఉగాది ముందు సీలు వేసేవాళ్ల పడవ వచ్చింది. వాళ్లు మెట్లెక్కి పట్టా చూశారు, నన్ను చూశారు, మళ్లీ పట్టా చూశారు. వాళ్లకి ఉగాది పచ్చడి ముందే పెట్టి, మంచినీళ్లిచ్చి పంపించాం. వాళ్ల పడవ మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అరిచారు మావాళ్లు. అంత అరుపు ఈ భవనం ఎప్పుడూ వినలేదు. నేనూ అరిచాను. గొంతు పోయి మూడు రోజులు సైగలతో పాఠం చెప్పాను.

కానీ నేను రాయాలనుకున్నది అది కాదు.

సున్నాలో సగం సంగతి మేడ మీద చెప్పినరోజే నూకాలు ఒక ప్రశ్న అడిగింది. "ఆ సున్నా పెద్దోళ్లకేనా, ఎవరికైనా పడతాదా?" అని. ఎవరికైనా పడుతుంది. పేరు నమోదైతే చాలు, నంబరు వస్తుంది. కొత్తగా చేరేవాళ్లకి ఫీజు కట్టడానికి కొంత గడువుంటుంది. కట్టకపోతే పేరు తీసేస్తారు. తీసేస్తే సున్నా. సున్నా అయితే ఎన్ని టర్ముల పరీక్షలైనా ప్రైవేటుగా కట్టుకోవచ్చు. పాఠానికి మేడ ఉంది. ప్రయోగానికి మిల్లు ఉంది.

కొత్త టర్ముకి మా కాలనీ పిల్లలందరూ వెళ్లి చేరారు. గడువు దాటాక పేర్లు తీయించుకోవడానికి ఈరోజు మళ్లీ వెళ్లాం. తోడుగా నేనూ చార్విక్కూ వెళ్లాం. కాలేజీ రేవులో పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఆగి ఉన్నాయి. మా ఒక్క కాలనీయే కాదు, కబురు ఎలా పాకిందో, లెక్కలేనన్ని చోట్ల నుంచి పిల్లలు వచ్చారు. కాలేజీలోంచి పేరు కొట్టేయించుకోవడానికి గేటు బయటిదాకా వరస. వరసలో ఒక మొహం నాకు తెలుసు. మొదటిరోజు నా ముందు కాటా ఎక్కిన కుర్రాడు. ఈసారి వాళ్లమ్మ మెట్టు మీద కూలబడలేదు, టిఫిన్ డబ్బా పట్టుకుని అందరికీ పులిహోర పెడుతోంది.

ఈ నిబంధన మార్చడానికి కాలేజీ పెద్దలు వేసవిలో సమావేశమవుతారట. అవ్వనీ. అప్పటికి ఎంతమందికి నంబర్లు పడి ఉంటాయో వాళ్లే లెక్కపెట్టుకుంటారు. పిల్లల్లో ఒకరిద్దరు కీర్తన మేడమ్‌ని మేడ మీద పాఠానికి రమ్మన్నారు. వస్తానందట.

నూకాలు వంతు వచ్చింది. మూడేళ్ల కిందట కాలనీలో అందరికంటే పెద్ద అంకె చూపించి వెనక్కి పంపిన కాటా మీదే ఎక్కింది. గ్రీజు వదలని అరచేతులు ఆనించింది.

సున్నా.

ఈలలు, చప్పట్లు. కౌంటర్లో అమ్మాయి లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. నూకాలు కాటా మీద నుంచి దిగలేదు కాసేపు. ఆ అంకె వైపే చూస్తూ నవ్వింది. ఈ నవ్వు నాకు నచ్చింది.

చార్విక్ గడ్డం పైకెత్తాడు. ఇంత సంతోషంలో కూడా ఏదో ఒకటి అడగకుండా ఉండలేడు.

"సాయంత్రం పాఠం ఎవరు అప్పజెప్తారు?" అన్నాడు.

నూకాలు నా వైపు చూసింది. నేను పడవ వైపు నడవడం మొదలుపెట్టాను. డెబ్బై మూడేళ్లలో మొదటిసారి ఈ సాయంత్రం చాప మీద కూర్చుని వినాలని ఉంది.

"నేను" అంది నూకాలు.